చేటగది

స్పీకర్లు కొనేది నేను. వినేది నేను. షాపు సోఫాలో సరిగ్గా నడిమి సీటులో కూర్చున్నదీ నేనే. అయినా ఆ కిరీటి అనే మనిషి అరగంట నుంచి మా ఆయన మొహంలోకి చూస్తూనే చెబుతున్నాడు.

"సార్, ఈ జత బేస్ వినండి సార్. లోతు తెలుస్తది. మేడమ్ గారికి కూడా నచ్చుద్ది సార్."

మా ఆయన పాండురంగయ్య గారు ఎవరేం చెప్పినా తల ఊపే మనిషి. పాటకీ మిక్సీ మోతకీ తేడా ఏమిటని అడిగితే, రెండూ బాగానే ఉన్నాయి కదా అంటారు. ఆయనకి స్పీకర్ల గురించి చెప్పడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. ఈ సామెత నేను వాడకూడదు. ఎందుకో చెబుతాను.

"కిరీటి గారూ," అన్నాను, "వినేది నేనండీ. ఆయన బండి నడపడానికొచ్చారు. చెప్పేదేదో నాకు చెప్పండి."

కిరీటి నాలిక కరుచుకున్నాడు. నా వైపు తిరిగి, అవే మాటలు, సార్ తీసేసి మేడమ్ పెట్టి, మొదటినుంచీ మళ్ళీ చెప్పాడు.

నాకు కోపం ఎక్కువంటారు. ఎక్కువే. పేరు నాగదుర్గ. పేరులోనే పామూ ఉంది, అమ్మవారూ ఉంది, ఇంక శాంతం ఎక్కడినుంచి వస్తుంది. యాభై ఆరేళ్ళు. పుట్టింది పెడనలో, నేతవాళ్ళ ఇంట్లో. మెట్టింది బెజవాడలో. పాతికేళ్ళుగా చేనేత చీరల కొట్టు నడుపుతున్నాను. ఇన్నేళ్ళు బేరాలాడినా నా నోరు పోలేదు. పోతున్నది చెవి.

అవును, అదీ సంగతి. నా ఎడమ చెవి పోతోంది. నాలుగు నెలల కిందట చెవుల డాక్టరమ్మ గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకి డొప్పలు తగిలించి, కూ అన్నప్పుడల్లా బటన్ నొక్కమంది. కుడి చెవి దగ్గర బాగానే నొక్కాను. ఎడమ చెవి దగ్గర, కూ ఎప్పుడంటుందా అని ఎదురుచూస్తూ కూర్చున్నాను. అది అంటూనే ఉందట. "సగం పోయిందమ్మా," అంది డాక్టరమ్మ. "మిగతా సగం రెండేళ్ళుంటుందో, మూడేళ్ళుంటుందో చెప్పలేను. మిషను పెడితే మాటలు వినపడతాయి. పాటలంటారా, అవి ఇప్పట్లా ఉంటాయని మాటివ్వలేను."

ఆస్పత్రి మెట్లు దిగుతూనే నిర్ణయించుకున్నాను. పోయేది ఎలాగూ పోతుంది. పోయేలోపల ఒక్కసారైనా రెండు చెవులా నిండుగా వింటాను. మంచి స్పీకర్లు కొంటాను. ఫోనులో వినీ, టీవీలో వినీ ఈ చెవిని సాగనంపేది లేదు.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. దానికి కారణం మా ఆడపడుచు సీతారావమ్మ, ఇంకా మా ఇంట్లో ఒక గది.

మా ఇల్లు బందరు కాలువ గట్టు పక్కన. కాలువ అక్కడ వంపు తిరుగుతుంది కాబట్టి మా స్థలం కూడా దానితోపాటు తిరిగింది. ఆ మూల వచ్చిన గది వీధి వైపు పద్దెనిమిది అడుగుల వెడల్పు, లోపలికి పోయేసరికి పది. వీధి వైపు నుంచి చూస్తే ఎడమ గోడ తిన్నగా ఉంటుంది, కుడి గోడ కాలువతో పాటు ఐమూలగా పోతుంది. నేను కాపురానికొచ్చిన ఏడాది వాస్తు చూసే సిద్ధాంతి గారు వచ్చి, గది నాలుగు మూలలూ తిరిగి, "ఇది చేట లాంటి గదండీ" అన్నారు. బియ్యం చెరిగే చేట. ఒకవైపు వెడల్పు, ఒకవైపు ఇరుకు. నేను కాఫీ గ్లాసులు పట్టుకుని అక్కడే ఉన్నాను, రెండు చెవులా విన్నాను. మా మామగారికి మాత్రం అప్పటికే వినికిడి తక్కువ. ఆయనకి చేట కాస్తా చేటు అని వినపడింది. చేటు గది. ఇంక అంతే. ఆ పూటే తాళం పడింది. కొత్త కోడలు నోరు తెరిచి "చేట అన్నారండీ" అంటే వినేదెవరు? ముప్ఫై రెండేళ్ళుగా అందులో పాత మంచాలూ, ఖాళీ నూనె డబ్బాలూ కాపురం చేస్తున్నాయి.

ఆ ఇంట్లో ఎవరికి జలుబు చేసినా సీతారావమ్మ వదిన కంకిపాడు నుంచి బస్సెక్కి వచ్చి ఆ గదినే తిడుతుంది. చెవి సంగతి ఆవిడకి తెలిస్తే, గదే తినేసిందని చెవినిల్లు కట్టుకుని పోరుతుంది. ఉన్న సగం చెవీ ఆవిడ పోరుకే అరిగిపోతుంది. అందుకే చెప్పలేదు. పైగా నాకు కావలసింది ఆ గదే. ఇంట్లో తలుపు వేసుకుని ఒక్కదాన్ని కూర్చోగలిగే చోటు అదొక్కటే.

షాపులో కిరీటి పెట్టిన పాటలు నేను వినలేదు. నా పెన్‌డ్రైవ్ ఇచ్చాను. అందులో ఉన్నది పాట కాదు, మగ్గం. పెడనలో మా అన్నయ్య భానుచందర్ ఇప్పటికీ నేస్తాడు. ఎవరో మగ్గాల చప్పుళ్ళు సేకరించేవాళ్ళు వచ్చి, మగ్గానికి అటొక మైకు ఇటొక మైకు పెట్టి, పన్నెండు నిమిషాలు రికార్డు చేసి, వాడికో కాపీ ఇచ్చిపోయారు. వింటే మీకేమీ ఉండదు. పడుగు దారాల మధ్య నాడె పరుగెత్తే చప్పుడు. పేక నూలు కండెని కడుపులో పెట్టుకుని కుడి అంచు నుంచి ఎడమ అంచుకి, ఎడమ నుంచి కుడికి, రెండు కొసలా టక్‌మని తగులుతూ. చిన్నప్పుడు కండెలు చుడుతూ నేను మగ్గానికి కుడి పక్కన కూర్చునేదాన్ని. అంటే మగ్గం నా ఎడమ చెవిలో నేసేది. ఆ చప్పుడుతోనే ఎక్కాలు నేర్చుకున్నాను.

కిరీటి ఐదు జతలు మార్చాడు. ఐదింటిలోనూ ఒకటే జరిగింది. నాడె కుడి అంచు నుంచి బయల్దేరుతుంది, నడుమ దాకా వస్తుంది, అక్కడ పలచబడి ఎటో పోతుంది. ఎడమ అంచు చేరదు. సగం చీరే నేస్తున్నట్టుంటుంది.

"కుడి పక్కకి జారిపోతోందండీ," అన్నాను.

"లేదు మేడమ్, కరెక్టుగా సెంటర్లో ఉంది. ఈ సెటప్ మేము మిషనుతో కొలిచి పెట్టాం."

"బాలెన్స్ బటన్ ఏదీ? ఎడమ వైపు కాస్త పెంచండి."

"హై ఎండ్ యాంప్‌కి బాలెన్స్ బటన్ ఉండదండీ. సౌండు స్వచ్ఛత పోద్దని తీసేస్తారు."

"మా పెడన ఇంట్లో టేపురికార్డరుకి ఉండేదండీ. దానికన్నా హై ఎండా ఇది?"

ఎడమ పక్క కూర్చున్న మా ఆయన ఏదో అన్నట్టున్నారు. నాకు అందలేదు. నేను ముందుకే చూస్తూ కూర్చున్నాను. నాకు కోపం వచ్చిందనుకుని ఆయన ఊరుకున్నారు. కోపిష్టిదాన్ని కావడంలో ఇదో సుఖం. వినపడకపోయినా ఎవరికీ అనుమానం రాదు.

మర్నాడు కిరీటి మా ఇంటికి గది చూడటానికొచ్చాడు. పాత మంచాలు నేను ముందురోజే పాతసామాన్ల వాడికి ఇచ్చేశాను. తలుపు తీయగానే అతని మొహం పడిపోయింది. లేజరు టేపుతో మూడు గోడలు కొలిచి, నాలుగోది కొలవకుండానే జేబులో పెట్టేసుకున్నాడు.

"మేడమ్, ఏమీ అనుకోకండి. ఈ గదికి ఎంత మంచి స్పీకర్లిచ్చినా దండగేనండీ. ఇరుకు వైపు స్పీకర్లు పెట్టి వెడల్పు వైపు మీరు కూర్చున్నారనుకోండి. ఎడమ గోడ పక్కనే ఉంది కాబట్టి ఎడమ సౌండంతా గోడకి తగిలి మీ మీదకే వస్తది. కుడి గోడ అవతలకి పారిపోతంది, అటు సౌండు ఎటో పోద్ది. ఎంత చేసినా ఎడమ వైపే ఎక్కువ వినపడుద్ది."

ఆ ఆఖరి మాట నా కుడి చెవిలో పడింది. మనసులో ఏదో టక్‌మని తగిలింది.

"మళ్ళీ చెప్పండి," అన్నాను.

"ఎడమ వైపే ఎక్కువ వినపడుద్దండీ. అది తప్పు కదా. ఈ కుడి పక్క తిన్నగా ఒక గోడ లేపేసి, ఆ వాలు ముక్కని మూసేస్తే, గది చదరంగా వస్తది. అప్పుడు దివ్యంగా ఉంటది."

సరిగ్గా అప్పుడే గుమ్మంలో సీతారావమ్మ వదిన ప్రత్యక్షమైంది, చేతిలో అరటి గెలతో. "అట్టా చెప్పు నాయనా. ముప్ఫై ఏళ్ళనుంచి మొత్తుకుంటన్నా. ఆ ముక్క మూసేస్తే చేటు పోద్దని. ఒరే పాండూ, విన్నావా? చదువుకున్నాయన కూడా అదే చెప్తన్నాడు."

జీవితంలో ఎన్నడూ ఏ నిర్ణయమూ తీసుకోని మా ఆయన, ఆ రోజే తీసుకోవాలా? అక్కడికక్కడే ఫోను తీసి మేస్త్రీ జాన్ పాల్‌కి చేశారు. గురువారం రమ్మన్నారు. ఇసుక, ఇటుకలు కూడా చెప్పేశారు. అటు వాస్తూ, ఇటు సౌండూ, ఇద్దరూ ఒకే గోడ అడుగుతున్నారు కదా, అందరికీ మంచిదే కదా అని ఆయన ఉద్దేశం. నా ఒంట్లో రక్తమంతా తలలోకి ఎక్కింది.

"ఎవర్నడిగి పిలిచారు?"

"నీ స్పీకర్ల కోసమేగా దుర్గా."

"నా గది వంకర తీయమని నేనడిగానా మిమ్మల్ని? కిరీటి గారూ, గురువారం పొద్దున్నే రెండు జతలు తీసుకురండి. గోడకన్నా ముందు."

"గోడ కట్టాక తెస్తానండీ. ఇట్టాంటి గదిలో వినిపిస్తే మా సరుకుకే చెడ్డపేరు."

"గోడ కట్టాక తెస్తే ఆ గోడకే అమ్ముకోండి," అన్నాను.

ఆ రెండు రోజులూ నాకు అన్నం సయించలేదు. నేననుకున్నది తప్పయితే? గోడ లేస్తుంది. గది చదరమవుతుంది. షాపులోలాగే నాడె నడుమ దాకా వచ్చి చచ్చిపోతుంది. ఇక ఈ చెవికి ఎడమ అంచు లేనట్టే. బుధవారం ఒకసారి గదిలో నిలబడి, ఎడమ గోడ మీద చెయ్యి వేసి, నువ్వైనా నా మాట విను తల్లీ అనుకున్నాను. గోడకి మొక్కిన మొదటిదాన్ని నేనే అయ్యుంటాను.

గురువారం తొమ్మిదింటికి కిరీటి వ్యానూ, జాన్ పాల్ ఇటుకల ట్రాలీ ఒక్కసారే వచ్చి గేటు దగ్గర ఇరుక్కున్నాయి. వదిన కూడా మొదటి బస్సుకే దిగింది, గోడ లేవడం కళ్ళారా చూడాలని.

"జాన్ పాల్, ఒక గంట ఆగు. టీ తాగు," అన్నాను.

"సిమెంటు మాలు కలిపితే ఆగదమ్మా," అన్నాడతను.

"అయితే కలపకు."

మొదటి జత నా భుజం దాకా వచ్చేంత ఎత్తు. ఇద్దరు మనుషులు ఆయాసపడుతూ మోసుకొచ్చారు. కిరీటి దాన్ని చంటిపిల్లని తుడిచినట్టు తుడిచి, వైర్లు బిగించి, నా పెన్‌డ్రైవ్ పెట్టాడు. మగ్గం నేయలేదు. గూడ్సు బండి నడిచింది. పేక దారాన్ని బిగించే పలక దెబ్బ పడ్డప్పుడల్లా ఇరుకు మూలలో చప్పుడు పోగుపడి గోడలు గుయ్యిమన్నాయి. వెనక వైపు గాలి వదిలే కన్నం ఉందట వాటికి, ఇరుకులో అదే కొంప ముంచిందట.

"చూశారా, నేను చెప్పలా మేడమ్," అన్నాడు కిరీటి, సంతోషమో బాధో తెలియని మొహంతో.

"రెండోది పెట్టండి."

రెండోది పొట్టి జత. స్టాండ్ల మీద నిలబడే, అన్ని వైపులా మూసేసిన పెట్టెలు. పాత మోడలట, ఎవరూ అడగడం లేదట, షాపులో సోఫా వెనక పడుంటే నేనే తెమ్మన్నాను. గదిలో బేస్ కొలిచే మైకు పెట్టి, లాప్‌టాప్‌లో గీతలు చూసి కిరీటి తల అడ్డంగా ఊపాడు. "బేస్ బాగానే కంట్రోల్లో ఉందండీ. కానీ ఎడమ ఐదు డెసిబెల్స్ ఎక్కువ చూపిస్తంది. ఇది వినడానికి పనికిరాదు."

"మిషను సంగతి మిషను చూసుకుంటుంది. మగ్గం పెట్టండి."

కుర్చీ ఒక అర అడుగు ఎడమకి జరుపుకుని కూర్చున్నాను. కళ్ళు మూసుకున్నాను. మగ్గం కిర్రుమంది. అన్నయ్య దగ్గాడు. నాడె కుడి అంచు నుంచి బయల్దేరింది. నడుమకి వచ్చింది. రోజూ చచ్చిపోయే చోటు అదే. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. అది ఆగలేదు. దాటింది. పడుగు మీద జరజరా పాకుతూ ఎడమకి, ఇంకా ఎడమకి పోయి, గోడ పక్కన, అంచు మీద టక్‌మని తగిలింది.

మళ్ళీ తిరిగొచ్చింది. మళ్ళీ పోయింది. టక్.

"అంచు దాకా వచ్చింది," అన్నాను. కళ్ళు తుడుచుకోలేదు. నా ఇల్లు, నా గది, నా చెవి, ఎవరికోసం తుడుచుకోవాలి?

"ఇవే ఖాయం," అన్నాను. "జాన్ పాల్, గోడ లేదు. వెళ్ళిపో."

కిరీటి నమ్మలేదు. నన్ను లేపి తను కూర్చున్నాడు. "మేడమ్, ఒట్టు. మొత్తం ఎడమకి లాగేస్తంది." వదిన కూర్చుంది. "నాకు ఆ గోడలోంచి వినపడతందమ్మాయ్," అంది. మా ఆయన కూర్చుని, చాలాసేపు విని, మొదటిసారి తల ఊపకుండా, "అవును దుర్గా, ఎడమకే ఉంది," అన్నారు.

ముగ్గురూ నా వైపు చూశారు, పిచ్చిదాన్ని చూసినట్టు. ఇక దాచి ఏం లాభం?

"మీకు ఎడమకి ఉంది. నాకు మధ్యలో ఉంది. ఎందుకంటే నా ఎడమ చెవి సగం పోయింది. డాక్టరు నాలుగు నెలల కిందటే చెప్పింది. మిగతాదీ పోతుంది. మీరు గోడ కట్టి గది వంకర తీసేస్తే నా చెవి వంకర ఎవడు తీస్తాడు? ఈ ఊళ్ళో ఎంత మంచి గదిలో కూర్చున్నా నాకు సగమే వినపడుతుంది. ఇందులో మొత్తం వినపడుతోంది. ఎవరైనా ఇటుక పట్టుకుని ఈ గదిలోకొస్తే మర్యాద దక్కదు."

కిరీటి లాప్‌టాప్ మూసేశాడు. వదిన బుగ్గన చెయ్యి పెట్టుకుంది. నేననుకున్నట్టే మొదలుపెట్టింది.

"నే చెప్పలా? చేటు గదని. చెవి తినేసింది చూశావా?"

"ఆ రోజు సిద్ధాంతి గారు చేట అన్నారు వదినా. మామగారికి చేటు అని వినపడింది. ఈ ఇంట్లో చెవుడు నాతో మొదలవలేదు. నా చెవి ఎందుకు పోయిందో డాక్టరుకే తెలియలేదు, మీకు కంకిపాడులో తెలిసిందా? ఈ గది నా చెవి తినలేదు. పోయిన సగం తెచ్చిచ్చింది."

వదిన గదినీ నన్నూ మార్చి మార్చి చూసింది. "సరిపోయింది. గంతకు తగ్గ బొంత. అదీ వంకరే, నువ్వూ వంకరే," అంది.

ముప్ఫై రెండేళ్ళలో ఆవిడ నోటినుంచి వచ్చిన ఒక్క సరైన మాట అది. నా మొహం చేటంత అయింది. "అదేగా నేను పొద్దున్నుంచీ చెబుతున్నది," అన్నాను.

జాన్ పాల్ గుమ్మంలో నిలబడి, "మరి ఇటుకలేం చెయ్యమంటారమ్మా, తిరిగి తీసుకోరు," అన్నాడు. స్టాండ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టించాను. నాడె నా చెవి ఎత్తుకి వచ్చింది. మిగతావి కాలువ గట్టు మీద పేర్పించాను, వదిన వచ్చినప్పుడు కూర్చోవడానికి.

అందరూ వెళ్ళిపోయాక మా ఆయన ఇంకో కుర్చీ తెచ్చుకున్నారు. అలవాటు ప్రకారం నా ఎడమ పక్కన వేసుకున్నారు. ఏదో అన్నారు. నేను అటు తిరిగి, "ఏమిటండీ?" అన్నాను.

"ఎప్పటినుంచి అని అడిగాను."

"రెండేళ్ళయి ఉంటుంది."

"నేనెప్పుడూ ఈ పక్కనే కదా కూర్చునేది. భోజనం దగ్గరా, సోఫాలో. రెండేళ్ళుగా అడుగుతుంటే నువ్వు పలకవు. నామీద కోపం అనుకున్నాను. ఏం తప్పు చేశానో తెలిసేది కాదు. అడగాలంటే భయం."

మగ్గం నేస్తూనే ఉంది. నా కోపం వెనక నేను హాయిగా దాక్కున్నాను, అవతల ఈయన రెండేళ్ళు నిలబడ్డారు.

"ఏమడిగేవారు?"

"తిన్నావా అని. ఇంకా... చాలా అడిగాను."

లేచి, కుర్చీ ఎత్తుకుని, నా కుడి పక్కకి రాబోయారు. నేను ఆయన చొక్కా పట్టుకుని ఆపేశాను.

"ఎక్కడికీ పోనక్కర్లేదు. ఎడమ పక్కనే కూర్చోండి. అడిగినవన్నీ మళ్ళీ అడగండి. కాస్త గట్టిగా. ముప్ఫై రెండేళ్ళుగా ఈ ఇంట్లో గట్టిగా మాట్లాడేది నేనొక్కదాన్నేనా?"